214,74,83,647 గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ 214,74,83,647 గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. తమరు కుశలమే, మా డేటాబేస్ కుశలం కింద మనవి చేస్తాను.

తమ ఘనత తెలియక రాస్తున్నది కాదు. 2కి 31వ ఘాతం కట్టి ఒకటి తీసేస్తే తమరు. మెర్సెన్ 1644లో వేసిన ప్రధాన సంఖ్యల జాబితాలో తమకు చోటుంది. అదే జాబితాలోని 67వ ఘాతం వారు తర్వాత పరువు పోగొట్టుకున్నారు, తమరు నిలిచారు. నిలబెట్టినది ఆయిలర్, అప్పటికే చూపు దాదాపు పోయిన మనిషి. తమకు ప్రధాన భాజకమంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని తేల్చి, 46,339 దాకా అలాంటివన్నీ వడకట్టి, 1772లో తమకు ఖరారు పత్రం ఇచ్చారు. ఆపైన ఎనభై ఏళ్లకు పైగా, లోకానికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో తమరే పెద్ద.

కంప్యూటర్ల వాళ్లం మేమూ తక్కువ చేయలేదు. 32 బిట్లలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకు పోగా మిగిలిన ముప్పై ఒకటీ తమకే అప్పగించి, చివరి పీఠం మీద కూర్చోబెట్టాం. (ప్రధాన సంఖ్య అయినందుకు కాదు లెండి, అది కాకతాళీయం.) తమరేమో ఒక్కటి కలిపితే చాలు, చాలా యంత్రాల్లో మైనస్ 214,74,83,648 అయి కూర్చుంటారు.

ఇక ఫోన్ నంబర్ల సంగతి. మా పాత డేటాబేస్‌లో ఎవరో పుణ్యాత్ముడు ఫోన్ కాలమ్‌ని 'ఇంట్' అని, అంటే తమ 32 బిట్ల కొలువులో, పెట్టాడు. మన మొబైల్ నంబర్లు ఆరుతో మొదలైనా తొమ్మిదితో మొదలైనా తమకంటే పెద్దవే కదా. సర్వర్ కిక్కురుమనకుండా ప్రతిదాన్నీ కొట్టేసి తమ పేరు రాసుకుంది. రిపోర్ట్ తెరిస్తే కూకట్‌పల్లి కస్టమరుదీ కాకినాడ కస్టమరుదీ ఒకటే నంబరు: 2147483647. పైగా మొదటి మూడంకెలు డాలస్ ఏరియా కోడ్! "మనవాళ్లంతా ఎప్పుడు వెళ్లిపోయారయ్యా అమెరికాకి?" అని మేనేజరు గారు నన్నే అడిగారు.

విమానాలనూ వదల్లేదు. బోయింగ్ 787లో జనరేటర్ల కంట్రోల్ యూనిట్లు ఆపకుండా 248 రోజులు నడిస్తే కరెంటు పోవచ్చని 2015లో అమెరికా విమానయాన అధికారులు హెచ్చరించారు. సెకనులో నూరోవంతు చొప్పున లెక్కేస్తే తమ హద్దు వచ్చేది అక్కడికే. ఆయిలర్ గారి 248కీ దీనికీ చుట్టరికం లేదంటారు. నాకైతే అనుమానమే.

1970 నుంచి సెకన్లు లెక్కపెడుతున్న పాత యంత్రాలు 2038 జనవరి 19, మంగళవారం, మన గడియారంలో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు తమ గుమ్మం చేరతాయి. మరుసటి సెకనుకు వాటికి 1901 డిసెంబరు. సరిగ్గా లాగిన్ వేళ చూసి పెట్టారు ముహూర్తం!

అందుకే 64 బిట్ల వారి కొలువుకు మారుతున్నాం. వారి చివరి పీఠం మీదున్నది ప్రధాన సంఖ్య కాదు, ఏడుతో నిశ్శేషంగా భాగించవచ్చు. అయినా ఫోన్ నంబర్లు పడతాయి.

ఇట్లు,
తమ హద్దుల్లో ఇమడలేని ఒక ప్రోగ్రామరు