సింగిలోనరు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మా బావమరిది మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి సరుకు తోలుతుంటాడు. బాడుగ బండ్లకు డబ్బులు కట్టీ కట్టీ విసిగిపోయి, సొంతానికి ఒక సెకండ్ హ్యాండ్ బొలెరో పికప్ చూసుకున్నాడు. ‘నువ్వొకసారి వచ్చి చూడు బావా’ అన్నాడు. నాకు వ్యాకరణం తప్ప బండ్ల సంగతి తెలియదు కాబట్టి ఒక మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్లాను. బండి పక్కన నిలబడి అమ్మేవాడు గుక్క తిప్పుకోకుండా చెప్పిన మాటలను ఇంటికొచ్చాక ఆటవెలదిలో కూర్చాను. ఇందులో యతి నాది, అతిశయోక్తి ఆయనది.

మూలం

సింగిలోన రొకడె చేతబట్టిన బండి
యింజ నెపుడు విప్ప నెరుగమయ్య
లక్ష దాటలేదు లక్ష్మిమీ దానగా
కొన్నవాడు రాజు, కోరికొనుము

ప్రతిపదార్థం

సింగిలోనరు = ఒక్కడే యజమాని; ఒకడె = ఆ ఒక్కడే (తన మాట తనకే చాలనప్పుడు మనిషి రెండుసార్లు అంటాడు); చేతబట్టిన = నడిపిన; బండి = 2017 మోడల్ పికప్; ఇంజను, ఎపుడు, విప్పన్, ఎరుగమయ్య = ఇంజన్ ఎన్నడూ విప్పి ఎరగము (ఎవరు విప్పారో ఎరగము అనీ అన్వయం కుదురుతుంది); లక్ష, దాటలేదు = మీటరు లక్ష కి.మీ. దాటలేదు (బండి దాటలేదని కవి ఎక్కడా అనలేదు); లక్ష్మిమీదానగా = లక్ష్మి మీద ఒట్టుగా; కొన్నవాడు రాజు = స్పష్టము; కోరికొనుము = కోరి కొనుక్కో.

తాత్పర్యం

అయ్యా, ఇంత మంచి బండి నీకు మళ్లీ దొరకదు. 4,60,000 ఇచ్చి తోలుకుపో.

విశేషాలు

‘సింగిలోనరు’. సంధి చక్కగా కుదిరింది. బావమరిది ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూస్తే ఓనర్ సీరియల్ నంబరు దగ్గర 3 అని ఉంది. ఇదేమిటని ఆక్షేపిస్తే అమ్మేవాడి సమాధానం: ‘ఎప్పుడు చూసినా ఒక్కడే గద సార్ ఓనరు!’ దీనికి శాస్త్రంలో ఖండన లేదు. అదే యాప్‌లో ఫైనాన్స్ కంపెనీ పేరు కూడా ఇంకా అలాగే ఉంది. అప్పు తీరిందని ఆ కంపెనీ సంతకం పెట్టిన ఫారం 35 చేతికి రానిదే పేరు మార్పిడికి 29, 30 నంబర్ల ఫారాల మీద ఎన్ని సంతకాలు చేసినా ఏం లాభం? అప్పు ఆయనది, బండి కంపెనీది, డబ్బు మాత్రం మనది అవుతుంది.

‘లక్ష దాటలేదు’. పద్యానికి ప్రాణం ఈ పాదమే. మీటరు మీద 94,318 ఉంది. అయితే ఈ మాటకు ముందే, బండిని పొగిడే ఊపులో, ‘వారానికి మూడు ట్రిప్పులు చెన్నైకి తోలినాం సార్, ఒక్కనాడు మొరాయించలేదు’ అన్నాడు. మదనపల్లె నుంచి చెన్నై సుమారు 250 కి.మీ. పోనూ రానూ 500. మూడు ట్రిప్పులకు 1,500. ఈ లెక్కన 94,318 కి.మీ. అంటే 63 వారాల తిరుగుడు. 2017లో రోడ్డెక్కిన బండి 2019 వేసవికల్లా ఎక్కడో చెట్టుకింద తపస్సుకు కూర్చుని ఉండాలి. వాల్మీకిలా పుట్ట పట్టిన ఆనవాళ్లు మాత్రం కనపడలేదు.

మీటరు ప్రమాణమా, పెడల్ ప్రమాణమా అని ఇక్కడ ఒక వివాదం ఉంది. మాది పెడల్ పక్షం. మీటరును ల్యాప్‌టాప్ పెట్టి వెనక్కి తిప్పేవాళ్లున్నారు. అరిగిన రబ్బరుకు గీతలు మొలిపించేవాళ్లు ఇంకా పుట్టలేదు. వంగి చూశాను. క్లచ్ పెడల్ రబ్బరు మీద గీతలన్నీ పోయి, నది ఒడ్డు గులకరాయిలా నున్నగా, ఎడమవైపుకు జారిపోయి ఉంది. పక్కనే బ్రేకు పెడల్‌కు మాత్రం నిగనిగలాడే కొత్త రబ్బరు. అరిగినదానికన్నా ఈ కొత్తదే గట్టి సాక్ష్యం. స్టీరింగ్ మీద డ్రైవరు బొటనవేళ్లు ఆనే చోట్లు రెండూ తళతళ మెరుస్తున్నాయి. టైరు పక్కగోడ మీద చివరి నాలుగంకెలు చదివితే తయారైన వారం, సంవత్సరం తెలుస్తాయి: 3822 అంటే 2022లో 38వ వారం. ఈ బండి నాలుగు టైర్లు నాలుగు వేర్వేరు సంవత్సరాలవి. ఉమ్మడి కుటుంబం.

‘ఇంజను విప్పనెరుగము’. పొద్దున ఆరున్నరకే వెళ్లి బానెట్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. మేం వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారన్నమాట; చల్లటి ఇంజన్ చెప్పే నిజాలు వేడెక్కిన ఇంజన్ చెప్పదు. రెండు టీలు తాగి, ఊరి రాజకీయాలన్నీ విని, అది చల్లారేదాకా అక్కడే కూర్చున్నాం. అమ్మేవాడికి ఈ సహనం నచ్చలేదు.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టు మన తెలుగువాడే. కొండ మీద పొగను చూసి నిప్పును ఊహించడం అందులో చెప్పాడు. డీజిల్ బండి దగ్గర ఆ పాఠం చాలదు, పొగ రంగు కూడా చూడాలి. నల్లపొగ అయితే ఎయిర్ ఫిల్టరో ఇంజెక్టర్లో, మరీ బెంగపడక్కర్లేదు. తెల్లపొగ ఆగకుండా వస్తూ రేడియేటర్లో నీళ్లు తగ్గిపోతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. మాకు వచ్చింది నీలిపొగ. ఆయిల్ కాలుతోంది. మెకానిక్ ఆయిల్ పోసే మూత తీసి పైన అరచెయ్యి పెట్టాడు. బుస్సు బుస్సుమని ఆవిరి తన్నుకొచ్చింది. ‘బ్యాక్ కంప్రెషన్ కొడతాంది సార్, రింగులు పొయ్యినాయి’ అన్నాడు. హెడ్ బోల్టుల మూలలు రెంచీ పట్లకు గీరుకుపోయి ఉన్నాయి. విప్పడం తప్పు కాదు. బిల్లుతో విప్పిన ఇంజన్ విప్పనిదానికన్నా మేలని నా అభిప్రాయం. విప్పి, విప్పలేదనడంలో ఉన్న అలంకారాన్ని అపహ్నవమంటారు.

ఛాసిస్ గురించి పద్యంలో ఒక్క మాటా లేదు. కవి దాచినదే వ్యాఖ్యాతకు అసలు పని. వెనక కమాన్ పట్టీలకు అదనంగా ఒక పట్టీ ఎక్కించి ఉంది. ఆర్‌సీ మీద ఉత్త బండి బరువు, లోడుతో బరువు రెండూ ఉంటాయి. ఆ రెంటికీ ఉన్న తేడానే అది మోయదగ్గ సరుకు. ఆ తేడాతో తృప్తిపడేవాడు పట్టీ ఎక్కించడు. ట్రాలీ కింద టమాటా రసం కారి కారి రేకు పొరలు పొరలుగా లేచింది. ఒకచోట మాత్రం జానెడు మేర కొత్త నల్లరంగు. గోటితో గీకితే కింద వెల్డింగ్ మచ్చ. బావమరిది మొహం చూడలేక పక్కకు తిరిగాను.

‘లక్ష్మిమీదానగా’. ఈ లక్ష్మి భార్య అని కొందరు, దేవత అని కొందరు. ట్రాలీ వెనక పలకమీద ‘లక్ష్మీ ప్రసన్న’ అని పసుపు రంగుతో రాసి ఉంది కనుక బండే లక్ష్మి అని నా నిర్ణయం. ఒట్టు వేసింది బండి మీదే. వెల్డింగ్ చూస్తే ఆ ఒట్టు ఇప్పటికే ఒకసారి తగిలినట్టుంది.

ఉపసంహారం

ఆ బండి కొనలేదు. పది రోజులకు ఇంకొకటి చూశాం. మీటరు మీద 3,12,640. ఆ డ్రైవరు ఒక పాత నోటు పుస్తకం, అందులో మడిచిన బిల్లులు తెచ్చి చేతిలో పెట్టాడు: ఆయిల్ మార్చిన తేదీలు, రెండుసార్లు క్లచ్ ప్లేట్లు, 2,40,000 దగ్గర ఇంజన్ బోర్. పొద్దున చల్లగా ఉన్న బండి ఒక్క తిప్పుకే అందుకుంది. పూర్తి లోడుతో భాకరాపేట ఘాట్ ఎక్కించాం. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటేటా చేయించాల్సిన ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) కూడా కొత్తగా చేయించి ఉంది. 3,85,000కు బేరం కుదిరింది. ఆయన పద్యమేమీ చెప్పలేదు. ‘వెనక ఎడమ టైరు మార్చుకోండి సార్, చెన్నై దాకా రాదు’ అన్నాడు. మార్చుకున్నాం.