మీ ముత్తాతను వెతకాలంటే పక్కవాడి కాగితాలు తెరవండి

మీ ముత్తాత జమీందారు కాదు, కరణం కాదు, కవీ కాదు. ఎకరమో అరెకరమో దున్నుకుని, పిల్లల్ని పెంచి, పోయాడు. అలాంటి మనిషి బతుకు కాగితాల్లో దొరుకుతుందా అంటే దొరుకుతుంది. అందరూ చెప్పే దారిన పోతే మాత్రం దొరకదు. అందుకే ఇక్కడ చెప్పేవన్నీ తిరగేసిన సలహాలు. అడ్డదిడ్డంగా ఉన్నాయని ఇంట్లోవాళ్లు అంటే అననివ్వండి.

ముందు ఆయన పేరు వెతకడం మానేయండి. సుబ్బయ్యలు, ఎల్లయ్యలు, రాములు ప్రతి ఊళ్లోనూ డజన్లకొద్దీ ఉంటారు. ఇంటిపేరు ఒకచోట రాస్తారు, ఇంకోచోట రాయరు. దానికి బదులు ఆయన చేను ఎక్కడుండేదో, గట్టుకు అవతల ఎవరుండేవారో కనుక్కోండి. ఆ గట్టు అవతలివాడి కాగితాలు పట్టుకోండి.

ఇందుకు కారణం చట్టంలోనే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం వంద రూపాయల లోపు విలువున్న పొలాన్ని అమ్మితే అప్పట్లో రిజిస్టరు చేయించాల్సిన పని ఉండేది కాదు. పేదవాడి చెక్క చేతులు మారినా సర్కారు పుస్తకంలోకి ఎక్కకపోవడానికి అదొక్కటి చాలు. పక్కనున్న మోతుబరి ఐదెకరాలు అమ్మినప్పుడు మాత్రం దస్తావేజు రిజిస్టరయింది. అందులో చెక్‌బందీ రాయాలి కదా: తూర్పు ఫలానావారి పొలం, దక్షిణం డొంక, పడమర ఫలానావారి మెరక, ఉత్తరం కాలువ. ఆ ఫలానావారిలో ఒకరు మీ ముత్తాత. ఏ ఏడాదిలో ఆయన ఆ పొలంలో ఉన్నాడో పక్కవాడి కాగితం చెప్పేస్తుంది. కొన్నేళ్లకు అదే పొలం మళ్లీ అమ్ముడుపోయి, హద్దులో ఈసారి ఆయన కొడుకు పేరుంటే, ఈ రెండు తేదీల మధ్య ఆయన పోయి ఉండాలి, లేదా కొడుక్కి పంచి ఇచ్చి ఉండాలి. చావు తేదీ ఎక్కడా రాసిలేని మనిషికి ఇంతకంటే దగ్గరి లెక్క దొరకడం కష్టం.

కానీ సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో పేరు చెప్పి వెతికిస్తే ఇవేవీ బయటపడవు. అక్కడి ఒకటో సూచికలో దస్తావేజు రాసిచ్చినవారి పేర్లు, రాయించుకున్నవారి పేర్లు మాత్రమే ఉంటాయి. హద్దుల్లో ఉన్నవాడు, సాక్షి సంతకం పెట్టినవాడు అందులోకి రారు. ఆస్తుల వివరాలుండే రెండో సూచిక అడిగి, మీ ఊరి పేరు కింద ఉన్న దస్తావేజులన్నీ చూడండి. ఆన్‌లైన్‌లో వచ్చే ఈసీ (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే. అంతకు ముందువన్నీ పుస్తకాలు తిరగేయాల్సిందే. రుసుము కడితే ఒకటో పుస్తకం, దాని సూచికలు ఎవరైనా చూడొచ్చు. చట్టం 57వ సెక్షన్ ఇచ్చిన హక్కిది, ఎవరూ కాదనలేరు.

అదే సెక్షన్ కింద రెండో పుస్తకం కూడా అడగండి. దాన్ని అడిగేవాళ్లు తక్కువ. రిజిస్టరు చేయడానికి నిరాకరించిన కాగితాలేవో, ఎందుకు నిరాకరించారో రాసిపెట్టే పుస్తకమది. రాసిచ్చినవాడు ఆఫీసుకొచ్చి నేను రాయలేదని అడ్డం తిరిగితే, ఆ సంగతి అందులో ఉంటుంది. అమ్మకాల కంటే తగాదాల్లోనే మామూలు మనిషి గొంతు వినిపిస్తుందని నా నమ్మకం. తాత తగాదాలు మనకెందుకని మొహమాటపడకండి.

సాక్షుల వరుస కూడా వదలొద్దు. మీ ముత్తాత ఎవరి కాగితానికి సాక్షిగా వెళ్లాడో చూస్తే ఆయన ఎవరి మనిషో తెలుస్తుంది. సంతకం పెట్టాడా, నిశానీ వేశాడా అన్నదాన్ని బట్టి ఆయన చదువెంతో ఊహించవచ్చు.

కొడుకుల వెంట పోవడం ఆపి కూతుళ్ల వెంట వెళ్లండి. వంశవృక్షాల్లో ఆడపిల్లలకు కొమ్మ ఉండదు. చట్టంలో మాత్రం స్థిరాస్తిని దానంగా రాసిస్తే, విలువ పది రూపాయలైనా రిజిస్టరు చేయించాల్సిందే. అంటే అరెకరం అమ్మినవాడి పేరు ఎక్కకపోయినా, పసుపు కుంకుమ కింద కూతురికి పావెకరం రాసిచ్చినవాడి పేరు ఎక్కింది. చాలామంది నోటిమాటతోనే ఇచ్చేశారు, నిజమే. రాసిచ్చినచోట మాత్రం అల్లుడి పేరు, అతని ఊరు, అతని తండ్రి పేరు కలిసి దొరుకుతాయి. ఇంటి ఆడపడుచు ఏ ఊరు వెళ్లిందో ఆ ఊరి సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకూ వెళ్లండి.

తెలంగాణ వాళ్లకు ఇంకో తలకిందుల మాట. 1954-55 నాటి భూమి రికార్డు ఖాస్రా పహాణీ తీస్తే పట్టాదారు గడి మీద వేలు పెట్టకండి. అక్కడ తరచూ ఉండేది దొర పేరు. సాగు ఎవరిదో చెప్పే గడి చూడండి. మీ తాత కౌలుదారైతే 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా కూడా చూడాలి. అంతకు వెనకటి కాగితాలు ఉర్దూలో ఉంటాయి. ఉర్దూ వచ్చిన పెద్దవారిని వెంట తీసుకెళ్లండి, ఆయన దారి ఖర్చులు మీరే పెట్టుకోండి. ఆ కాగితాల్లో ఉండే ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే మన లెక్క వస్తుంది: ఫసలీ 1364 అంటే 1954.

ఇంట్లోంచి పారిపోయినవాడి గురించి ఎవరూ మాట్లాడరు. ముందు అతని గురించే అడగండి. 1860 నుంచి 1911 వరకు ఒప్పంద కూలీలుగా దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లిన 1,52,184 మందిలో ఎక్కువమంది మద్రాసులో ఓడెక్కారు. తెలుగువాళ్లు వాళ్లలో చాలామంది. ఆ ఓడల జాబితాల్లో మనిషి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు, గాయాల గుర్తులు ఉన్నాయి. ఊళ్లో ఉండిపోయిన అన్నకు ఇన్ని వివరాలు రాసినవాడే లేడు. పారిపోయిన తమ్ముడి కాగితంలో ఇద్దరి తండ్రీ ఉన్నాడు.

ముసలివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు పుట్టిన తేదీ అడగొద్దు. బడిలో మాస్టారు వేసిన తేదీ చేరిక కోసం వేసింది. నందన నామ సంవత్సరంలో పుట్టాడని ఎవరైనా అంటే అది 1832 కావచ్చు, 1892 కావచ్చు, 1952 కూడా కావచ్చు. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. కరువు అడగండి, ఉప్పెన అడగండి. ధాత కరువంటే 1876 నుంచి 1878, బందరు ఉప్పెనంటే 1864 నవంబర్ 1. ‘ఉప్పెనప్పటికి మా తాత పాకుతున్నాడట’ అన్న ఒక్క మాట బడి రిజిస్టరు కంటే నమ్మదగింది.

జనాభా లెక్కల్లో వెతకమని ఎవరైనా చెబితే వినకండి. మన దగ్గర ఇంటింటి పత్రాలు ఎవరూ చూడటానికి వీల్లేదు, 1948 సెన్సస్ చట్టం వాటిని రహస్యంగా ఉంచింది. బ్రిటన్‌లోలా వందేళ్లకు తెరిచే ఏర్పాటు ఇక్కడ లేదు.

ఇంకొక్క పని చేయండి. మీ ముత్తాత పక్కవాడి దస్తావేజులో ఉన్నట్టే, పక్కవాడి ముత్తాత మీ ఇంటి పెట్టెలోని దస్తావేజులో ఉన్నాడు. మీ కాగితాల్లో హద్దులుగా, సాక్షులుగా ఉన్న ప్రతి పేరూ ఒక పుస్తకంలో రాసి, జిరాక్స్ తీసి, ఊళ్లో ఆ ఇళ్లవాళ్లకు మీరే తీసుకెళ్లి ఇవ్వండి.