మేస్త్రీ అన్న మాటకి విలువుండేది

మా రోజుల్లో మా నాన్నని పేరు పెట్టి పిలిచినవాళ్లు ఊళ్లో లేరు. కరణంగారంతటివాడు కూడా "మేస్త్రీ" అనే పిలిచేవాడు. గానుగ సున్నంతో గోడ లేపి తూకంగుండు వదిలితే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నేను బడిపంతుల్నయ్యాక నన్ను "మాస్టారూ" అన్నారు. నాన్న పిలుపూ నా పిలుపూ ఒక కడుపున పుట్టినవేనని రిటైరయ్యే ముందెప్పుడో నిఘంటువులో చూశాను. అప్పటికి నాన్న లేడు.

ఆ తల్లి లాటిన్‌లోని 'మాగిస్టెర్'. 'మాగిస్' అంటే ఎక్కువ అని. పనిలోనో చదువులోనో పదిమందికంటే ఎక్కువైనవాడు మాగిస్టెర్. రోమ్ సామ్రాజ్యం కూలినా మాట కూలలేదు. ఇటలీలో, స్పెయిన్‌లో 'మయెస్ట్రో' అయింది, ఫ్రాన్సులో 'మెత్ర్' అయింది. పోర్చుగల్‌వాళ్లు 'మెస్త్రె' అన్నారు. 1498లో వాళ్ల ఓడలు కాలికట్ చేరాక ఆ మాట మన నేలమీదా దిగి మనకు మేస్త్రీ, హిందీవాళ్లకు మిస్త్రీ అయింది. మాస్టారు తర్వాత ఇంగ్లీషువాళ్ల 'మాస్టర్' దారిన వచ్చాడు.

స్పెయిన్‌లో చిన్నపిల్లలకు అక్షరాలు నేర్పేవాడూ మయెస్ట్రోనే, చేతిపనిలో ఆరితేరినవాడూ మయెస్ట్రోనే. తాపీకీ సుద్దముక్కకీ ఒకే గౌరవం! ఫ్రాన్సులో ఈనాటికీ లాయర్‌ని 'మెత్ర్' అని పిలుస్తారు. రోన్ లోయ వెంట వీచే పెనుగాలి పేరు 'మిస్ట్రాల్', గాలులన్నిటికీ పెద్ద అని. రుమేనియా జానపద కథల్లో మాయపక్షి 'మయాస్ట్ర'. దాన్నే బ్రాంకుషి శిల్పంగా చెక్కాడు.

ఆ బిరుదు ఊరికే వచ్చేది కాదు. యూరప్ వృత్తి సంఘాల్లో కుర్రాడు గురువు దగ్గర ఏళ్లకేళ్లు చాకిరీ చేసి, చివరికి తన చేత్తో ఒక వస్తువు చేసి పెద్దల ముందు పెట్టాలి. వాళ్లు ఔనంటేనే మయెస్ట్రో. మా నాన్నా అంతే, నాలుగేళ్లు సున్నం మోశాకే తాపీ చేతికిచ్చారు. ఇప్పుడో? మూడు నెలలు ఇసుక జల్లించినవాడు నాలుగో నెల మేస్త్రీ! వాడు కట్టిన గోడకి తొలి వానకే చెమ్మ.

మాట మైల పడటం ఇవాళే మొదలవలేదు, ఒప్పుకుంటాను. కోస్తా కూలీలకు అప్పులిచ్చి రంగూన్ ఓడలెక్కించినవాళ్లనీ మేస్త్రీలే అన్నారు. అయినా ఊళ్లో ఇల్లు కట్టేవాడి మర్యాద చెక్కుచెదరలేదు. ఇప్పుడు మీసాలు సరిగా రాని సూపర్‌వైజరు డెబ్బై ఏళ్లాయన్ని "ఏయ్ మేస్త్రీ, ఇటు రా" అంటున్నాడు. వింటుంటే నాకు ఒళ్లు మండుతుంది.

లాటిన్‌లోనే 'మినిస్టెర్' అని ఇంకో మాట ఉంది. 'మినుస్' అంటే తక్కువ, మినిస్టెర్ అంటే సేవకుడు. ఆ సేవకుడు మినిస్టరై కుర్చీ ఎక్కాడు. ఎక్కువైనవాడు ఎండలో సారువ మీద నిలబడ్డాడు. ఇళయరాజాని మేస్ట్రో అంటే చేతులెత్తి మొక్కుతాను, ఆయనకది తగును. నీ తలమీద కప్పు నిలబెట్టినవాడికి మాత్రం తగదా?

మొన్న మా అబ్బాయి ఇంటి పని దగ్గర, గోడకి రసమట్టం పెట్టి చూసుకుంటున్న పెద్దాయన్ని "మేస్త్రీగారూ" అని పిలిచాను. ఆయన నన్ను చూడలేదు. నేనెవర్ని పిలుస్తున్నానా అని వెనక్కి తిరిగి చూశాడు.