బిల్లు పద్యమునకు టీకా తాత్పర్యములు

ఆ.వె.
క్లాసు వచ్చెననుచు కాలరెగురవేసి
లెస్సు పాతికేసి లేపె పనిని
గోడ లేచెగాని కూలిడబ్బులు లేవు
బిల్లు వచ్చునాటి కిల్లు పోయె

అవతారిక: సర్కారు పనులకు కాంట్రాక్టరుగా రిజిస్టరై, తొలి టెండరు దక్కించుకొన్న యువకుని వృత్తాంతమును కవి చెప్పుచున్నాడు. కవి తన పేరు చెప్పలేదు. చెప్పినచో రెండవ బిల్లును ఆగును.

టీక: క్లాసు = అయిదవ తరగతి మొదలు ఒకటవ తరగతి వరకును, ఆపైన స్పెషల్ క్లాసును గల మెట్లలో ఒకటి (బడిలో వలె గాక, ఇచ్చట అయిదు నుండి ఒకటికి ప్రమోషను); వచ్చెన్ = సాల్వెన్సీ సర్టిఫికెట్టు, పాన్, జీఎస్టీ, అనుభవపత్రములు చూపగా లభించెను; లెస్సు = అంచనాకు తక్కువగా కోట్ చేయుట; పాతిక = నూటికి 25. పాతికయే ఏల? అది దాటిన, ఆ తేడాకు బ్యాంకు గ్యారంటీయో డీడీయో అదనముగా పెట్టవలెను గనుక. లేపెన్ = దక్కించుకొనెను. "పైకెత్తెను" అని కొందరందురు గాని అది సరిగాదు, ఎత్తబడినవాడు కాంట్రాక్టరే. కూలిడబ్బులు = శనివారపు బట్వాడా. ఇది ఆగదు.

బిల్లు = ఇచ్చట వ్యాఖ్యాత కొంత నిలువవలసియున్నది. ఇంజనీర్లలో ఏఈ కొలతలను ఎంబీలో (కొలతల పుస్తకమున) ఎక్కించి, డీఈ చెక్ మెజర్ చేసి, ఈఈ పాస్ చేసి, పే అండ్ అకౌంట్స్ వారు ఒప్పుకొని, ఆపైన బడ్జెట్టు విడుదలైనపుడు పుట్టు సొమ్ము. అందును సెక్యూరిటీ డిపాజిట్టు క్రింద 7.5 శాతము, ఆదాయపు పన్ను 1 (ఫర్మైన 2), జీఎస్టీ టీడీఎస్ 2, లేబర్ సెస్సు 1, న్యాక్ (నిర్మాణ శిక్షణ సంస్థ) వాటా 0.1, ఇసుక కంకరలకు సీనరేజి పోగా మిగిలినది. ఇల్లు = సాల్వెన్సీకి చూపిన ఆ ఇల్లే యని సంప్రదాయము.

తాత్పర్యము: క్లాసు తెచ్చుకొనుట తేలిక. లెస్సు వేయుట అంతకన్న తేలిక. బిల్లు వచ్చు వరకు బ్రతికియుండుటయే కాంట్రాక్టు.

విశేషములు: నాలుగవ పాదమున బిల్లునకు ఇల్లునకు ప్రాసయతి. ఛందస్సులో ఈ మైత్రి కుదిరినది, లోకములో రెండిటిలో ఒకటే మిగులును. పెద్ద పనులలో బిడ్డరు సత్తువను 2ఏఎన్−బి అను సూత్రముతో కొలుతురు. ఏ = గడచిన అయిదేండ్లలో ఏదేని ఒక ఏట చేసిన అత్యధిక పనుల విలువ; ఎన్ = పని గడువు, సంవత్సరములలో; బి = ఆ గడువులో పూర్తి చేయవలసిన చేతిలోని పనుల విలువ. చేసిన పనియున్నది, చేయవలసిన పనియున్నది, రావలసిన బాకీ మాత్రము ఏ అక్షరములోను లేదు. కావున కొత్తగా దరఖాస్తు పెట్టువారలారా, బిల్లు రాకున్నను ఎన్ని నెలలు బట్వాడా నడపగలరో మొదట లెక్క వేసికొని, పిమ్మట లెస్సు వ్రాయుడు.