గడ్డం ఇక్కడ పెట్టండి

“ఏముందండీ అందులో, లైటే కదా!” అన్న మాట వింటే ఆ స్లిట్ లాంపుకు ఒళ్లు మండుతుంది. గోదావరి జిల్లాల్లో ఒక పట్టణం, అక్కడో కంటి ఆసుపత్రి, దాని మేడమీద స్టోరు గది. చెయ్యి విరిగిన కుర్చీలకూ పాత కళ్లజోళ్ల అట్టపెట్టెలకూ మధ్య కూర్చుని అది తన కథ తానే చెప్పుకుంటూ ఉంటుంది. వినేవాళ్లు లేరని గొంతు తగ్గించే రకం కాదు.

పుట్టుక సంగతి అడిగితే ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అంబాలాలో బిగించారట, లారీలో వచ్చిందట. వంశం మాట ఎత్తితే మాత్రం ఆగదు. 1911లో స్వీడన్ శాస్త్రవేత్త అల్వార్ గుల్‌స్ట్రాండ్ సన్నటి చీలికలోంచి వెలుగును కంట్లోకి పంపి చూపించాడు. అదే ఏడు ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బహుమతి ఇచ్చింది దీపానికి కాదు, కంట్లో కాంతి ఎలా వంగి నడుస్తుందో లెక్క కట్టినందుకు. ఈ తేడా దానికి బాగా తెలుసు. అయినా రెండు ముక్కలనూ ఊపిరి తిప్పుకోకుండా చెప్పేస్తుంది.

వెలుగు గీతను పక్కనుంచి ఏటవాలుగా కంటిమీద వేయడం దాని పని. ఎదురుగా ఉన్న మైక్రోస్కోపులోంచి డాక్టరుగారు చూస్తారు. నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన పొర, కార్నియా, మధ్యభాగంలో అర మిల్లీమీటరు కన్నా కాస్త మందం ఉంటుంది. గీత పడగానే నిలువునా కోసిపెట్టినట్టు దాని పొరలు వరసగా కనిపిస్తాయి. కత్తి లేదు, సూది లేదు, మత్తుచుక్క కూడా అక్కర్లేదు. “కోస్తాను గానీ తెగదు” అని అది కోసుకునే గొప్పలో అబద్ధం లేదు.

రైతులొచ్చారు, చేపలు పట్టేవాళ్లొచ్చారు, రిటైరైన మేష్టార్లొచ్చారు. అందరికీ ఒకటే మాట: గడ్డం ఇక్కడ పెట్టండి, నుదురు ఆనించండి, రెప్ప కొట్టకండి. అరవై దాటినవాళ్లలో చాలామందికి నల్లగుడ్డు అంచున బూడిదరంగు వలయం కనిపించేది. ముందు పైనా కిందా చిన్న వంపులుగా మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ రెండూ కలిసిపోతాయి. కొవ్వు చేరడంవల్ల వచ్చే గీత అది. “శుక్లం ముదిరిందా బాబూ?” అని తాతలు కంగారుపడేవారు. శుక్లం లోపల కటకంలో వస్తుంది తాతా, ఇది పైపైనే, చూపుకేం అడ్డం రాదు అని డాక్టరుగారు సర్దిచెప్పేవారు. అదే వలయం నలభై నిండని మనిషిలో కనపడితే మాత్రం ఆయన గొంతు మారేది. “రక్తంలో కొలెస్ట్రాల్ చూపించుకోండి, ఆలస్యం చెయ్యకండి.” కంటి దగ్గర కూర్చుని ఒంట్లో సంగతి పసిగట్టాను కదా అని లాంపు ఆ పూటంతా మురిసిపోయేదట.

ముక్కువైపు నుంచి నల్లగుడ్డుమీదికి త్రికోణంగా పాకే కండ ఇంకో రకం. ఎండలో, దుమ్ములో, పొలాల్లో, పడవలమీద బతికినవాళ్లకే అది ఎక్కువ. మనిషి తన వయసెంతో తప్పు చెప్పవచ్చు గానీ, ఆ వయసు ఎండలో గడిచిందా నీడలో గడిచిందా అన్నది ఈ లాంపు దగ్గర దాగేది కాదు.

ఒక మామ్మగారిని మాత్రం అది మరిచిపోలేదు. “ఎప్పుడు చూడూ కళ్లు కారుతూనే ఉంటే పొడిబారాయంటారేమిటయ్యా?” అని ఆవిడ డాక్టరుగారిని నిలదీసింది. గీత వేసి చూస్తే, తెల్లగుడ్డుమీది పలచటి పొర వయసుకు వదులై కింది రెప్ప అంచున చీర కుచ్చిళ్లలా పోగుపడి ఉంది. కన్నీరు లోపలికి పోయే దారి దొరక్క చెంపమీదికి జారుతోంది. దానికి తోడు నూనె కరువు. కన్నీటి పొర మందం మిల్లీమీటరులో వెయ్యోవంతుల లెక్క. ఆ కాస్త నీరూ ఆవిరైపోకుండా పైన పలచగా నూనె పరుచుకుని ఉంటుంది. రెప్పల్లో నిలువుగా పేర్చినట్టుండే మైబోమియన్ గ్రంథులు ఆ నూనె ఇస్తాయి. నూనె తగ్గితే నీరు ఇగిరిపోయి కన్ను మండుతుంది, మంటకు కన్ను మళ్లీ నీళ్లు పెడుతుంది. ఇంత వివరంగా చెప్పినా ఆవిడ నమ్మలేదు. చుక్కల మందు మాత్రం తీసుకెళ్లింది.

ఇక్కడే లాంపు గొంతు కొంచెం తగ్గుతుంది. కన్నీటి పొర ఎంతసేపు నిలుస్తుందో చూడాలంటే దానికి రంగు సాయం కావాలి. ఫ్లోరెసిన్ కాగితం తడిపి కంటికి తాకించి, నీలి వెలుగు వేసి, ఆకుపచ్చగా మెరిసే పొరలో నల్లటి మచ్చ ఎప్పుడు పడుతుందా అని లెక్కపెట్టాలి. పది సెకన్ల లోపే పడితే పొర నిలకడగా లేదన్నమాట. చిక్కేమిటంటే, ఆ రంగు చుక్కే కన్నీటిని కదిలిస్తుంది! కొత్త యంత్రాలు తెలుపు నలుపు వలయాలను కంటిమీద ప్రతిఫలింపజేసి, అవి ఎప్పుడు చెదురుతాయో కెమెరాతో పట్టేస్తాయి, రంగూ వద్దు తాకడమూ వద్దు. ఆ వలయాలూ కొత్తవేం కావని లాంపు సణుగుతుంది. పోర్చుగల్‌కు చెందిన ప్లాసిడో 1880లోనే అలాంటి బిళ్ల పట్టుకుని కళ్లు చూశాడు మరి.

ఆ నూనె గ్రంథులనైతే అది ఏనాడూ సరిగా చూసింది లేదు. మామూలు వెలుగుకు రెప్ప అంచున వాటి నోళ్లు మాత్రమే కనిపిస్తాయి. పరారుణ కాంతిలో, రెప్పను వేలితో తిరగేసి పట్టుకుంటే, పై రెప్పలో 25 నుంచి 40 దాకా తెల్లటి చారలు బయటపడతాయి. 2008లో జపాన్‌లో రేకో అరిటా బృందం ఈ పద్ధతిలో 4 ఏళ్ల పిల్లల నుంచి 98 ఏళ్ల వృద్ధుల వరకు 236 మంది ఆరోగ్యవంతుల రెప్పలు చూసింది. చారలు ఎంతమేర మాయమయ్యాయో చూసి ఒక్కో రెప్పకు 0 నుంచి 3 దాకా మార్కులు వేశారు. వయసు పెరిగేకొద్దీ మార్కులూ పెరిగాయి. లాంపు ఛాతీ విరుచుకునేది దీని తర్వాతే. ఆ పరారుణ కెమెరాను బిగించింది ఒక స్లిట్ లాంపుకే!

అసలు బాధ వేరే ఉంది. మనుషులు గుర్తుంటారు గానీ, చూసిన కంటి బొమ్మ దానికి గుర్తుండదు. వలయం నిరుటికంటే మందమైందా, కండ ఎంత మేర పాకింది అని అడిగితే కేసుషీటు తియ్యాల్సిందే. డాక్టరుగారు రంగు పెన్సిళ్లతో బొమ్మ గీసేవారు. అదేం చిన్నతనం కాదు, 1921లో ఆల్ఫ్రెడ్ వోగ్ట్ తెచ్చిన అట్లాసు నిండా చేత్తో వేసిన బొమ్మలే. ఇక్కడి కేసుషీట్లను మాత్రం చెదలు చదివేశాయి.

ఏసీ గదిలోకి ఫొటోలు తీసే యంత్రం వచ్చిన రోజు నుంచి దీని దశ తిరగబడింది. ముందు కుర్రాళ్లకు నేర్పడానికి పెట్టారు. వాళ్లు అద్దంమీద వేళ్లు పెట్టారు, మరక పడితే చొక్కా అంచుతో తుడిచారు. గడ్డం కింద వేసే కాగితాలు అయిపోతే మళ్లీ తేలేదు. ప్లాస్టిక్ ముసుగు తీసి ప్రింటరుకు తొడిగారు. బల్బు పోయింది. “తర్వాత చూద్దాంలే” అని మేడమీదికి ఎక్కించారు. హైదరాబాదు ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివాళ్లు పల్లెల్లో నడిపే విజన్ సెంటర్లలో దాని జాతివాళ్లు ఇంకా కొలువులో ఉన్నారు. అది తలుచుకున్నప్పుడల్లా దీనికి కడుపు రగులుతుంది. స్టోరు గదిలో వానాకాలపు చెమ్మ ఊరికే పోలేదు, కటకాల్లో బూజు పట్టింది.

మొన్న కొత్త యంత్రం మొరాయించి రిపేరుకు వెళితే దీన్ని కిందికి దించారు. కొత్తగా చేరిన టెక్నీషియన్ అమ్మాయి బల్బు వేసి, ఐపీసుకు సెల్‌ఫోను బిగించి, ఒక పెద్దాయన కన్ను ఫొటో తీసింది. అంత వయసులో లాంపుకు జ్ఞాపకశక్తి వచ్చిందన్నమాట. ఫొటోలో కొమ్మలు వేసిన తెల్లటి మచ్చ ఉంది. “కార్నియామీద పువ్వా డాక్టరుగారూ?” అని ఆ అమ్మాయి కంగారుపడింది. పెద్దాయన్ని పైకీ పక్కకూ చూడమన్నారు. మచ్చ కదల్లేదు. ఐపీసు తిప్పారు. మచ్చ దాంతోపాటు గిర్రున తిరిగింది.

ఆ ఫొటోనే ఇండెంటుకు జతచేసి పంపారు. కటకాలు శుభ్రం చేయించడానికి మూడు కొటేషన్లు కావాలని పైనుంచి జవాబొచ్చింది.