పట్టుచీర గొడవకు సబ్‌టైటిల్స్

లేపాక్షి గుడిలో శివపార్వతుల కల్యాణ మండపం 16వ శతాబ్దం నుంచి అసంపూర్తిగానే ఉంది. దాంతో పోలిస్తే మా మేనకోడలి పెళ్లి వీడియో తొందరగా వచ్చినట్టే. హిందూపురం పిల్లను గౌరిబిదనూరు వాళ్లకిచ్చాం గనుక, బెంగళూరులో ఉండే మా మేనల్లుడు మనవాళ్ల మాటలన్నిటికీ కన్నడ సబ్‌టైటిల్స్ రాస్తూ కూర్చున్నాడు. గౌరిబిదనూరులో తెలుగు రానివాళ్లెవరని వాణ్ని ఎవరూ అడగలేదు.

వచ్చింది ఒకే ఎంకేవీ ఫైలు. బొమ్మలో బొమ్మ దాగే రష్యా మత్ర్యోష్కా పేరు మీద 2002లో పుట్టిన మట్రోస్కా పెట్టె అది. లోపల దృశ్యం, సినిమా పాటలు, మండపం గోల, సబ్‌టైటిల్స్, దేని ట్రాక్ దానిదే.

"అబ్బీ, నా మాటలు తీసేయల్లప్పా" అంది మేనత్త. పెళ్లిలో మగపెళ్లివారు పెట్టిన ధర్మవరం పట్టుచీరను వేళ్లతో నలిపి, "ఇది మగ్గం మీద నేసింది కాదు, పవర్‌లూమ్‌ది" అనేసింది. మా వైపు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు.

మోరిట్జ్ బుంకుస్ అనే జర్మన్ రాసిన ఎంకేవీటూల్‌నిక్స్ దించుకున్నాను. ఉచితం. మళ్లీ కుదించడం, మార్చడం లాంటి పెత్తనాలు చేయదు. అడిగిన ట్రాక్‌ను ఉన్నదున్నట్టు బయట పెడుతుంది. అందుకే అంత పెద్ద ఫైలూ చిటికెలో అయిపోతుంది. ట్రాకుల లెక్క మాత్రం సున్నా నుంచి మొదలు. మన పంక్తిలో మొదటివాడికి సున్నా అంటే విస్తరి వేయరేమోనని లేచిపోతాడు.

చిక్కేమిటంటే, అది ట్రాకులను విడదీస్తుంది గానీ ఒకే ట్రాకులో కలిసిన గొంతులను కాదు. అత్త మాట పోవాలంటే నాదస్వరం, మాంగల్యధారణ మంత్రాలు కూడా పోవాలి.

"పోతే పోనీ. పాటలుండాయి కదా."

మండపం గోలా, సబ్‌టైటిల్సూ తీసేశాను. బయటికొచ్చిన ఎస్సార్టీ ఫైలు ఉత్త అక్షరాలే, నోట్‌ప్యాడ్‌లో తెరుచుకుంటుంది. 00:41:07,300 నుంచి 00:41:10,900 దాకా చీర మాట కన్నడంలో శుభ్రంగా ఉంది. ఏ ఎఫ్‌ఐఆర్‌లోనూ నేరం వేళను సెకనులో వెయ్యో వంతు దాకా రాయరు.

ఆ చిన్న ఫైలును మేనల్లుడు అప్పటికే వాట్సాప్‌లో గౌరిబిదనూరుకు పంపేశాడు. పెళ్లికొడుకు వాళ్లమ్మ కోప్పడలేదు. 41 నిమిషాల 11వ సెకను దగ్గర "మగ్గం చీరే, బిల్లుంది" అని చేర్చి, మళ్లీ వీడియోలో కలపమంది.

41:15 నుంచి తన జవాబుకు చోటు ఉంచమంటోంది అత్త.