గని మనది, టికెట్ వాళ్లది

గని మూతపడితే ఊరు పర్యాటకంతో బతకాలంటారు. పల్నాడు ఆ పని ఎప్పుడో చేసింది. పర్యాటకం మాత్రం లండన్‌లో పెట్టింది!

బెల్లంకొండ మండలం కొల్లూరు. కోహినూరు పుట్టిల్లని ప్రతీతి. ఇక్కడి గనుల్లో 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే రాశాడు.

ఇప్పుడు డ్యూటీలో ఉన్నవి చేపలే. ఊరు పులిచింతల జలాశయం అడుగున ఉంది మరి.

కోహినూరు చూడాలా? లండన్ టవర్‌కు వెళ్లండి, టికెట్ పౌండ్లలో.

కొల్లూరుదేనని చెప్పే హోప్ వజ్రం చూడాలా? వాషింగ్టన్ మ్యూజియం, ప్రవేశం ఉచితం. (అమెరికావాళ్లు కాస్త నయం.)

గని చూడాలా? ఈత నేర్చుకోండి.

పోనీ, మనకు కొండవీడు ఉందిగా! శత్రువు ఎక్కకూడదని రెడ్డిరాజులు కొండమీద కోట కట్టారు. మనం ఘాట్ రోడ్డేసి కార్లలో ఎక్కిస్తున్నాం.

ఎక్కినవాడు ఊరుకుంటాడా? సెల్ఫీ దిగుతాడు. బిర్యానీ పొట్లం విప్పుతాడు. తాళంచెవి తీసి ఆరొందల ఏళ్ల గోడమీద తన పేరు, ఆమె పేరు, మధ్యలో ఒక బాణం చెక్కుతాడు.

పల్నాట తవ్వకాలు ఆగిపోయాయన్నదెవరండీ?